నలభై ఒక్క ఊపిరి ముక్కలు

స్టూడియోలో అందరూ ఆవిణ్ణి కత్తెరమ్మ అనేవారు. రికార్డు చేసిన టేపును అక్కర్లేని చోట బ్లేడుతో కోసి, రెండు కొసలూ అతికిస్తే, అతుకు ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేరు. అంత చేయి తిరిగిన మనిషి. అలాంటిది ఒకే ఒక్క తప్పు చేసింది, అదీ మొగుడి టేపు మీద.

మొగుడు శాక్సాఫోన్ వాయించేవాడు. జాజ్ సంగీతమే గానీ తాళం లేదు, వరస లేదు. కాసేపు కేక, కాసేపు ఏడుపు. "ఇది పాట కాదే, పైవాడికి పిలుపు," అనేవాడు. తన ఆఖరి ఆల్బమ్ నలభై నిమిషాలూ ఏకబిగిన వాయించాడు. అప్పటికే ఊపిరితిత్తులు పాడైపోయాయి. పిలుపుకీ పిలుపుకీ మధ్య బుస్సుమని గాలి పీల్చుకునేవాడు.

"ఒసేయ్, ఆ ఊపిరుల జోలికి మాత్రం వెళ్లకు. అవీ పిలుపులో భాగమే," అని చెప్పి మరీ ఆస్పత్రికి వెళ్లాడు.

వింటేనా! ఆ ఆయాసం తను వినలేక, లోకమూ వినకూడదని, నలభై ఒక్క చోట్ల కోసేసింది. ముక్కల వెనక పసుపు పెన్సిలుతో అంకెలు వేసి బిస్కెట్ల డబ్బాలో దాచింది. ఆఖరి అతుకు వేస్తుండగా ఫోను మోగింది. ఊపిరాడక పోయాడన్నారు.

ఆల్బమ్‌ను జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. తనే ఆయన్ని పొట్టన పెట్టుకున్నానని లోలోపల కుమిలిపోయింది. ఆయన ఊపిరి ఆయనకిచ్చేస్తే చాలనుకుంది.

ఏడాది తిరిగింది. స్టూడియోకి సెలవు. పొద్దున్నే వెళ్లి తలుపేసుకుంది. కిటికీలు లేని గది. పాత కార్పెట్ వాసన, వేడెక్కిన మెషీను వాసన. రెండు గదుల మధ్య అద్దానికి అవతల, వాయించే గదిలో చీకటి. ఒక్కో అతుకూ విప్పి, ఒక్కో ఊపిరినీ దాని చోట అతికించింది. మధ్యాహ్నానికి నలభై ఒకటీ అయ్యాయి. డబ్బా బోర్లించి చూసింది. ఖాళీ.

టేపు తిప్పింది.

పిలుపు. ఊపిరి. పిలుపు. ఊపిరి... కత్తెరమ్మ ముఖం కప్పుకుని భోరుమంది.

నలభై ఒకటో ఊపిరి వచ్చింది. దాని వెనకాలే కేక రావాలి. రాలేదు.

ఇంకో ఊపిరి. ఇంకోటి. లోపలికే... లోపలికే... వదలడం లేదు. టేపు అయిపోయి కొస టపటపా కొట్టుకుంటోంది. స్పీకర్లు ఆపేసింది. ఊపిరి ఆగలేదు... అద్దానికి అవతల నుంచి.

"ఏమండీ... మీకు దణ్ణం పెడతాను... వదలండి..."

అద్దానికి అవతలి వైపు, మనిషి నోటి ఎత్తున, ఆవిరి పట్టింది. ఆవిడ పరుగున వెళ్లి ఇవతల అక్కడే నోరు ఆనించింది.

"నాది తీసుకోండి..."

చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రం వాచ్‌మన్ తలుపు తీసేసరికి అద్దం పక్కన కూర్చుని ఉంది. పలకరిస్తే పలికింది. మంచినీళ్లు కూడా తాగింది.

"అమ్మా, ఒకటి మర్చిపోయారు," అని వాచ్‌మన్ డబ్బా అందించాడు.

అడుగున టేపు ముక్క. వెనక పసుపు పెన్సిలుతో నలభై రెండు. అంకె ఆవిడ వేసింది కాదు, మొగుడి చేతిరాత. మెషీనుకి ఎక్కించింది. ఒకే ఒక్క ఊపిరి వినిపించింది. ఆడమనిషిది.

కత్తెరమ్మ తన ఊపిరి తగులుతుందేమోనని అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడింది.