పన్నెండో నంబరు కంప్యూటర్

కాఫీ రైతుల సంఘం సర్వర్‌లో తోటల పటాలన్నీ మాయమయ్యాయి.

మూడు వందల తోటలు. సేంద్రియ సర్టిఫికెట్ తనిఖీకి వారం కూడా లేదు. పటాలు లేకపోతే పంటంతా మామూలు కాఫీగా చవగ్గా దళారీకి పోవాల్సిందే.

ముంచింగిపుట్టులో ఆ రోజు సంత.

ఎస్సై రాజకుమారి సర్వర్ లాగ్ చూసింది. ఫైళ్ళు చెరిపిన కంప్యూటర్ అడ్రస్ చివర పన్నెండు. సమయం ఉదయం 9.40. ఆఫీసులో ప్రతి కంప్యూటర్ మీదా దాని అడ్రస్ చివరి నంబరు స్టిక్కర్ ఉంది. పన్నెండు, డేటా ఎంట్రీ చేసే గాసిది.

“ఆ టైంలో ఎక్కడున్నావు?”

“ఇక్కడే మేడమ్. కరెంటొచ్చిన కాణ్ణించీ ప్రింటర్ పలకట్లేదు. దాని ఎనకాలే...”

“ప్రింటర్ సంగతి అడగలేదు. ఫైళ్ళెందుకు చెరిపావు?”

“నానెందుకు సేత్తాను మేడమ్? అందులో మా అయ్య తోటా ఉంది.”

“నీ నంబరు అబద్ధం చెప్తుందా?”

మార్కెటింగ్ మేనేజర్ బాలాజీ తన గది గుమ్మంలో నిలబడి నిట్టూర్చాడు. “అందుకే నా గది తాళం ఎవరికీ ఇవ్వను మేడమ్. నా కంప్యూటర్ ఇంకొకరు ముట్టుకోలేరు.”

జీపు సంతకు అవతల ఉంది. పసుపు కొమ్ములు, కొండచీపుర్లు, ఎండుచేపల మధ్య నుంచి గాసిని రెక్క పట్టుకుని నడిపించింది. బేరాలు ఆగిపోయాయి.

“మన గాసేనేటి?” ఎవరో అన్నారు.

అతను తలెత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్‌లో కరెంటు పోయి వచ్చింది. గాసి రిమాండ్ కాగితాలు ప్రింట్ కావాలి. ప్రింటర్ కదల్లేదు.

హెడ్ కానిస్టేబుల్ భీముడు దాని నెత్తిన ఒకటి వేశాడు. “కరెంటు పోయొత్తే దీందెప్పుడూ ఇదే వరస మేడమ్. రూటర్ దీనికి కొత్త నంబరిచ్చేత్తాది. మన కంప్యూటరేమో పాత నంబరుకే కబురెడతాది. ఊరొదిలేసినోడికి ఉత్తరం రాసినట్టు!”

రాజకుమారి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

ప్రింటర్ పలకట్లేదు మేడమ్.

గాసి చెప్పాడు. తనే నోరు మూయించింది. ఆమె చెవులు వేడెక్కాయి.

లాకప్ తీయించి, గాసిని వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్ళింది. అందరినీ పిలిచింది.

“నిన్న కరెంటు పోయిందా?”

“పోయింది. తొమ్మిదింపావుకొచ్చింది,” అంది సంఘం అధ్యక్షురాలు అచ్చియమ్మ.

“రూటర్ ఆరి వెలిగితే నంబర్లు మళ్ళీ పంచుతుంది. స్టిక్కర్లు మాత్రం పాతవే. ప్రింటర్ నంబరూ మారింది, అందుకే పలకలేదు. కానీ ప్రతి కంప్యూటర్‌కూ ఒక పేరుంటుంది. కరెంటు పోయినా అది పోదు.”

ఇక్కడ కంప్యూటర్లకు చుట్టుపక్కల పారే గెడ్డల పేర్లు, నదుల పేర్లు పెట్టుకున్నారు. ఆమె రూటర్ లాగ్ తెరిచింది. నిన్న 9.22కి పన్నెండో నంబరు అందుకున్నది మత్స్యగెడ్డ.

“గాసీ, నీ కంప్యూటర్ పేరేంటి?”

“గోస్తని, మేడమ్.”

“మరి మత్స్యగెడ్డ?”

అందరి చూపూ తాళం వేసిన బాలాజీ గది మీదికి పోయింది.

“ఎవరో నా గదిలో దూరి...” బాలాజీ గొణిగాడు.

“తాళం ఎవరికీ ఇవ్వనన్నారుగా?”

అచ్చియమ్మ లేచి నిలబడింది. “దళారీ ఏటిస్తానన్నాడు బాబూ నీకు?”

బాలాజీ సొరుగులో పెన్‌డ్రైవ్ దొరికింది. దళారీ కోసం దాచిన పటాలన్నీ అందులో ఉన్నాయి.

భీముడు బాలాజీని తీసుకెళ్ళాడు. రాజకుమారి గాసి వైపు తిరిగింది. ఎంతటి దొంగనైనా కళ్ళలోకి చూసి అడిగే మనిషి. ఇప్పుడు ఆమె చూపు అతని చొక్కా గుండీ దాటి పైకి లేవలేదు.

“తప్పు నాది. నువ్వు చెప్తుంటే వినలేదు. జీపెక్కు, ఇంటి దగ్గర దింపుతాను.”

గాసి కిటికీలోంచి చూశాడు. సంత జరిగిన చోట చిరిగిన సంచులు, ఒక కుక్క.

“ఇప్పుడెవులున్నారు మేడమ్ సూడ్డానికి? వచ్చే సంతకి రండి. ఆ దారంటే నడుద్దాం. ఈసారి రెక్క పట్టుకోకండి.”

ఆమె వచ్చింది. యూనిఫామ్‌లోనే. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. ఎండుచేపల దగ్గర బేరాలు మళ్ళీ ఆగాయి.

“ఏటమ్మా, గుంటణ్ణి మళ్ళీ పట్టుకెళ్తన్నావా?” తట్ట ముందు కూర్చున్న ముసలామె అడిగింది.

“లేదు. ఇతను ఏ తప్పూ చెయ్యలేదు. నేనే తప్పు చేశాను.” గొంతు తగ్గించి అంది.

ముసలామెకు చెవుడు. “ఏటీ? గట్టిగా సెప్పమ్మా!”

రాజకుమారి టోపీ తీసి చేత పట్టుకుంది. ఈసారి సంతంతా వినేలా చెప్పింది.