దేవుడి పొట్టేలు తాగిన మందు

పాలమూరు గొర్రెల మెడల్లో ఇప్పుడు గంటల్లేవు, బిళ్లలున్నాయి. జ్వరమొచ్చినా, ఈనబోతున్నా ఆ బిళ్లే కాపరికి చెబుతుంది. 2079 వానాకాలంలో మాత్రం బిళ్లలన్నీ ఒకటే మాట చెప్పసాగాయి: పేగుల్లో రక్తం.

డాక్టర్ వకుళాదేవి వ్యాను దిగేసరికి కంచె పక్కన పదకొండు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి.

ముప్పయ్యారేళ్లు ఆమె బతుకంతా గొర్రెల పేగుల్లోని నట్టపురుగులతోనే గడిచింది. పెంటికలు ఏరింది, గుడ్లు లెక్కబెట్టింది, పెళ్లిచూపుల్లో కూడా నట్టల గురించే మాట్లాడిందని చుట్టాలు ఇప్పటికీ నవ్వుకుంటారు. చివరికి జన్మరక్ష కనిపెట్టింది. ఒక్క గుక్కెడు మందు. అందులోని సూక్ష్మయంత్రాలు, అంటే నానోబాట్లు, పేగు గోడను పట్టుకుని బతికినన్నాళ్లూ అక్కడే ఉండి, లోపలికొచ్చిన ప్రతి నట్టనూ చంపేస్తాయి. తీసేద్దామన్నా రావు. గొర్రెల నట్టలు కొన్ని మనుషుల్లోనూ కాపురముంటాయి గనుక మనుషులకూ తాగించారు. నాలుగేళ్లలో నట్టల వంశమే లేకుండా పోయింది. ప్రయోగశాలల్లో మిగిలినవాటినీ చట్టం చేసి మరీ కాల్చేయించారు.

అప్పుడు మొదలైంది అసలు తంటా. నట్టల్లో ఊరే ఏదో రసం ఇన్ని వేల ఏళ్లుగా గొర్రె రోగనిరోధక శక్తిని జోకొడుతూ వచ్చిందట. అది లేకపోయేసరికి ఆ శక్తి సొంత పేగుల మీదే పడింది. ఆ రసమేమిటో తేల్చి మందు చేయాలంటే బతికున్న నట్ట ఒక్కటైనా కావాలి.

వకుళ ఆశంతా ఇక్కడి కురుమ బీరయ్య మంద మీదే. కురుమ కాపరులు ఒక పొట్టేలును బీరప్ప దేవుడి పేర విడుస్తారు. దాని బొచ్చు కత్తిరించరు, దానికి మందు తాపరు. ఒకప్పుడు ఈ ఆచారాన్ని క్లాసులో వెక్కిరించిన మనిషి, ఇవాళ ఆ పొట్టేలు కాళ్లు మొక్కడానికైనా సిద్ధంగా ఉంది.

ఆమె చేతిలోని నట్టదర్శిని యంత్రం పొట్టేలు మీద వెలుగు పరిచింది. "సజీవ నట్టలు లేవు" అంది.

"సరిగ్గా చూడు!"

"మూడుసార్లు చూశాను. పేగుల్లో జన్మరక్ష ఉంది."

"దేవుడి పొట్టేలుకు తాపరు కదా, పెద్దాయనా!" వకుళ బీరయ్య వైపు తిరిగింది.

బీరయ్య రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "తాపం. గాని ఆనాడు టీవీల ముందుగాల మీరే తాగితిరి. గంత పెద్ద డాక్టరమ్మ తాగినంక నాకేం బుగులనుకున్న. నేను తాగిన, నా మనుమరాలికి తాపిన, దేవుని పొట్టేలుకూ తాపిన. తప్పయిందా అమ్మా? పోరి మొన్నటిసంది కడుపు పట్టుకొని ఏడుస్తున్నది."

వకుళ పిల్ల పడుకున్న గుడిసె వైపు చూసింది.

"నన్ను గూడ సూడుండ్రి. గొర్ల నడుమనే తిన్న, గొర్ల నడుమనే పండిన. ఏడనో ఒకటి దాసుకొని ఉంటది."

నట్టదర్శిని మనుషులను చూడకుండా తాళం వేసింది వకుళే. అది వేరే శాఖ పని అని ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చింది. ఇప్పుడామె వేలు తాళం తీసే మీట దగ్గరే ఆగిపోయింది. గుడిసెలో పిల్ల మూలిగింది. ఆమె మీట నొక్కేసింది.

"ఈయనలో లేవు. పక్క మనిషిలో ఉన్నాయి. పద్నాలుగు, అన్నీ సజీవం. జన్మరక్ష జాడ లేదు."

"ఉన్నయా! బతికినం!" అని బీరయ్య ఆకాశానికి చేతులెత్తాడు. ఆ చేతులు మెల్లగా కిందికి దిగాయి. "అంటే... మీరు తాగలేదా?"

"పంచదార నీళ్లు తాగాను. ఒకసారి లోపలికి పోతే మళ్లీ తీయలేం. భయమేసింది, పెద్దాయనా."

"ఆ బుగులు మాకు సెప్పకపోతిరి?"

ఇద్దరి మధ్యా యంత్రం మాట్లాడింది. "నట్టలు ఎక్కడ దొరికాయని నమోదు చేయమంటారు?"

వకుళ పొట్టేలు వైపు చూసింది. దీనిలోనే అనేస్తే చాలు, పరువు దక్కుతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. పొట్టేలు అమాయకంగా ఆమె చీర కొంగు నమలసాగింది.

"నాలో" అంది. "పూర్తి పేరు రాసుకో."

బీరయ్య గుడిసెలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. వకుళ తలుపు దగ్గర నిలబడింది. "వీటితో కొత్త మందు చేసి తెస్తాను, పెద్దాయనా. పిల్లకు నయమవుతుంది."

"తెస్తరు, తెస్తరు" అన్నాడు బీరయ్య లోపలి నుంచి. "గది ముందుగాల ఎవలు తాగుతరు?"