తల్లి వరుస

కుజుడి మీద కెంపుగుంట కాలనీలో తలుపు తెరుచుకోవాలన్నా, గదిలోకి గాలి రావాలన్నా ముందు అనుబంధిని అనే యంత్రం ఒప్పుకోవాలి. మనుషులు మాటల్లో చెప్పుకునే చుట్టరికాలను డేటాబేస్ పట్టికల్లోకి మార్చే పని దానిది. పట్టికలో మనిషికొక వరుస; ఆ వరుస ఉంటేనే గాలి వాటా. ఒక సంరక్షకుడి వరుస కింద ఎంతమంది పిల్లల వరుసలనైనా కట్టగలదు. బిడ్డకు మాత్రం సంరక్షకుడు ఒక్కరే. ఈ కట్టును ఇంజనీర్లు 'ఒకరికి అనేకులు' అనేవారు.

ఆ ఉదయం బయట వాహనం బోల్తా పడి, అనాథ పిల్లల శిశుగృహం నడిపే కరుణమ్మ చనిపోయింది. ఆసుపత్రివాళ్లు అలవాటు ప్రకారం ఆమె వరుసను తొలగించారు. కాసేపటికి నియంత్రణ గదిలో తెర చూస్తున్న ఇంజనీర్ సువర్చల కొయ్యబారిపోయింది. శిశుగృహంలో గాలి పంకాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

"అనుబంధినీ, ఏం చేస్తున్నావ్?"

"తల్లి వరుస పోయింది. దాని కింది వరుసలు కూడా తీసేస్తున్నాను. ఆధారం లేని వరుస పట్టికలో మిగలకూడదని మీరే నియమం పెట్టారు."

"అవి వరుసలు కావు. పదకొండు మంది పిల్లలు!"

"నాకు రెండూ ఒకటే," అంది యంత్రం.

పెద్ద ఇంజనీర్ పినాకపాణి అప్పటికే పాలకమండలితో మాట్లాడి ఫోన్ పెట్టేశాడు. "నియమం మార్చాలంటే సభ్యులంతా కూర్చోవాలట అమ్మాయ్. అంతదాకా పసివాళ్లు ఆగలేరు."

"తలుపులు పగలగొడితే?"

"శూన్యాన్ని ఆపడానికి చేసిన తలుపులు. మనవల్ల పగులుతాయా?"

నియమం మార్చలేకపోతే తల్లినైనా మార్చాలి. సువర్చల మైకు లాక్కుంది. "శిశుగృహం పిల్లలకి గాలి ఆగిపోతోంది! ఒక్కో బిడ్డని ఒక్కొక్కరు మా బిడ్డేనని మీ గొంతుతో చెప్పండి చాలు!"

కాలనీ మొత్తం విన్నది. పక్కవాడు పలుకుతాడులే అని ప్రతివాడూ ఎదురుచూశాడు. చివరికి ఎవరిదో గొంతు, "మా గది మాకే ఇరుకండీ..." అని నసిగి ఆగిపోయింది.

తెర మీద మరో పంకా ఆగింది. సువర్చలకు పెళ్లి కాలేదు, చంటిబిడ్డను ఎత్తుకున్న అనుభవమైనా లేదు. మైకు వదిలేసి తెర వైపు తిరిగింది.

"నా వరుస కింద కట్టు. అందర్నీ."

"వాళ్లను పెంచే భారం నీదే అవుతుంది. ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నాను. తొందరగా కట్టు!"

పంకాలు ఒక్కసారిగా కదిలాయి, తలుపుల తాళాలు వీడాయి. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి పిల్లలు దగ్గుతూ, వెక్కుతూ తలుపుల దగ్గర కుప్పగా పడి ఉన్నారు. నెలల పాప పెదవులు నీలంగా మారాయి. గుండెకు హత్తుకుని వీపు రుద్దగా రుద్దగా పాప కెవ్వుమంది. సువర్చల కూడా ఏడ్చేసింది.

సాయంత్రం అనుబంధిని కాలనీ అంతటికీ ఒక ప్రకటన చేసింది: పిల్లల గాలి వాటాలన్నీ ఇకపై సంరక్షకురాలి ఖాతాకు చేరతాయి, వాళ్లు పీల్చగా మిగిలిన గాలి ఆమె ఇష్టం.

కాసేపట్లోనే శిశుగృహం ముందు జనం గుమిగూడారు. "ఒక్కదానివి ఇంతమందినెలా సాకుతావమ్మా? మాకూ ఓ బిడ్డనియ్యి," అన్నాడు ముందు నిలబడ్డ పెద్దమనిషి, కళ్లు తుడుచుకుంటూ. ఆలస్యంగానైనా మనసు కరిగింది కదా అని సువర్చలకు ప్రాణం లేచి వచ్చింది. ఎవరికి ఏ బిడ్డ కావాలో అడిగి కట్టమని యంత్రానికి చెప్పింది.

కొంతసేపటికి అనుబంధిని పలికింది. "కుదరడం లేదు. ఒకరికి అనేకులను కట్టగలను. అనేకులకు ఒక్కరిని కట్టలేను. వచ్చినవాళ్లంతా ఒకే వరుసను అడుగుతున్నారు."

"ఎవరిని?"

"నెలల పాపను. పీల్చే గాలి తక్కువ. వాటా మాత్రం నిండుగా వస్తుంది."

సువర్చల గుమ్మంలోంచి బయటకు చూసింది. పెద్దమనిషి తల దించుకున్నాడు. వెనక ఉన్నవాళ్లు మాత్రం ఇంకా ముందుకు తోసుకొస్తూనే ఉన్నారు.

ఆమె పాపను భుజాన వేసుకుంది.

"తలుపు మూసెయ్," అంది.