అన్న పేరు మీద

పొద్దున్నే ఇల్లంతా హడావిడి. బస్సు డ్రైవరైన నాన్న డ్యూటీకి సెలవు పెట్టేసి, కాలు నిలవకుండా తిరుగుతున్నాడు.

"ఇంజనీరూ, స్నానమైందా? తొమ్మిదింటికల్లా కంప్యూటర్ ముందుండాలిరా!"

ఇంజనీరంటే పదో తరగతి చదివే కొడుకు. ఫోన్లు మొరాయిస్తే ఇరుగుపొరుగు తెచ్చి అతనికే ఇస్తారు. అతను వాటిని గుట్టుగా లోపలికి పట్టుకెళ్లి చెల్లెలి చేతిలో పెడతాడు. బాగుచేసేది తొమ్మిదో తరగతి చిట్టి, పేరొచ్చేది మాత్రం అన్నకి. ఇన్నాళ్లూ నవ్వుకున్న చిట్టికి ఇవాళ ఏడుపు ముంచుకొస్తోంది.

అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కొలతలిస్తే గుడ్డ వృథా కాకుండా ఎక్కడ కత్తిరించాలో గీసి చూపే ప్రోగ్రామ్ ఒకటి చిట్టి తయారుచేసింది. అదీ, అన్న ఆటలాడి లేచాక దొరికిన కాసేపట్లోనే! బడిపిల్లల పోటీకి పంపితే చివరి రౌండుకు వచ్చేసింది. కానీ కంప్యూటర్ కొన్న రోజే "ఆడపిల్ల పేరు ఇంటర్నెట్‌లో ఎందుకు?" అని నాన్న ఇంట్లో ఉన్న ఒక్క ఖాతాని అన్న పేరు మీదే తెరిపించాడు. కబురూ ఆ పేరు మీదే వచ్చింది. నాన్న అది వీధంతా చాటేశాడు. ఇక ఆ సంతోషం మీద నీళ్లు చల్లడానికి అమ్మకీ, పిల్లలిద్దరికీ నోరు రాలేదు.

తెర వెలిగింది. న్యాయనిర్ణేత మేడమ్ నవ్వుతూ అడిగింది.

"గుడ్డ మీద పువ్వులన్నీ ఒకే వైపు తిరిగుంటే, నీ ప్రోగ్రామ్ ముక్కల్ని ఎలా సర్దుతుంది బాబూ?"

ఇంజనీరు వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం దగ్గర చిట్టి పెదాలు వాటంతటవే కదులుతున్నాయి.

"ఒక్క నిమిషం మేడమ్." మైకు ఆపేసి లేచాడు. "నాన్నా, ఇది చేసింది నేను కాదు. చిట్టి. ఫోన్లు బాగుచేసేదీ అదే."

"ఏంట్రా ఆ వాగుడు? భయమేసి చెల్లి మీదకి నెడతావా?"

పక్కగదిలో కుట్టుమిషను ఆగింది. అమ్మ వచ్చి నిలబడింది.

"నిజమే చెబుతున్నాడు. నా పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని చేసిందది. దాని పేరు పెట్టనివ్వనిది మీరేగా?"

నాన్న కూతురి వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే కంప్యూటర్ ముట్టుకోనివ్వవేమోనని భయమేసింది నాన్నా."

తన బిడ్డ తనకే భయపడిందన్న మాట నాన్న గుండెలో కలుక్కుమంది. కుర్చీ వెనక్కి లాగి, చిట్టి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఇంజనీరు మైకు మళ్లీ పెట్టి, చేసింది చెల్లెలేనని మేడమ్ కి చెప్పాడు.

ఇక చూడాలి చిట్టిని! "అప్పుడు ముక్కని తలకిందులు చెయ్యకూడదు మేడమ్, పువ్వులు తిరగబడతాయి. అందుకే గుడ్డకి పైవైపు ఎటో ప్రోగ్రామ్ ముందే అడుగుతుంది. చూపించనా?" అంటూ చేతులు తిప్పుతూ, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. మేడమ్ చప్పట్లు కొట్టింది. వెనక ఇంజనీరు ఎగిరి గంతేశాడు.

"భలే! కానీ మా దగ్గర అబ్బాయి పేరుందే. మార్చుకుంటాం. నీ పేరేంటమ్మా?"

చిట్టి అలవాటుగా నాన్న వైపు చూసింది. ఆయన కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"చెప్పమ్మా," అన్నాడు. "గట్టిగా చెప్పు. వీధంతా వినపడాలి."

చిట్టి తన పేరు చెప్పింది.