పొయ్యి ఎరగని గింజ

బోనకల్ స్టేషన్‌లో మధ్యాహ్నం ప్యాసింజర్ వెళ్లిపోయాక బెంచీ మీద ఒకే ఒక్క మనిషి మిగిలాడు. నిద్రపోతున్నాడనుకుని పోర్టర్ తట్టాడు. ఏజెంట్ చందర్ పక్కకు ఒరిగిపోయాడు. మెడ మీద సూదిపోటు. బిగిసిన గుప్పిట్లో మూడు మొక్కజొన్న గింజలు.

అతని ఆఖరి ఫోన్ తోటి ఏజెంట్ హరిప్రసాద్‌కి. హరిప్రసాద్ ఎత్తలేదు, భోంచేస్తున్నాడు. ఆనాటి నుంచి కంచం ముందు కూర్చుంటే చాలు, ఎక్కడో ఫోన్ మోగుతున్నట్టే ఉంటుంది.

"ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది," అంది ఖమ్మం ఆఫీసులో చీఫ్ మధులత అతనితో. "మామూలు నాటు గింజలు. మనకు పనికిరావు."

"పనికిరానివి పట్టుకుని చచ్చిపోయేంత పిచ్చోడు కాదు మేడమ్ చందర్."

మధులత ఫైల్ తెరిచింది. విదేశీ ఎథనాల్ ముఠా. వాళ్లు తయారుచేసిన మొక్కజొన్నకు వేడి తగిలితే పిండి కరిగి తీపి నీళ్లవుతుంది. ఇంధనం తీసే ఫ్యాక్టరీకి పండగే. మొక్కజొన్న రవ్వతో గట్క వండుకునే ఇంటికి మాత్రం పస్తు. దాని పుప్పొడి సోకిన పక్క చేనూ అంతే. తినలేని గింజను వాళ్లకే, వాళ్లన్న రేటుకే చచ్చినట్టు అమ్మాలి.

"ఏటేటా పొట్టలు పెరుగుతున్నాయి, చేలు పెరగట్లేదు. ఆ ఉన్నవీ కార్లకు తాగించాలని వాళ్ల ప్లాన్. రేపు టేకులపల్లి అవతల ఒక కోయగూడెంలో విత్తనాల పండుగ. ఇంటింటి నుంచి ఆకుదొప్పల్లో తెచ్చిన గింజలన్నీ ఒక్క కుప్పలో కలిపి, మళ్లీ అందరికీ పంచుతారు. పొరుగూళ్లకూ పోతాయి. ఒక్క దొప్ప మారితే చాలు. కంపెనీలో మన ఇన్ఫార్మర్ సునంద అక్కడే ఉంటుంది."

హరిప్రసాద్ వ్యవసాయాధికారి వేషంలో గూడెం చేరాడు. నల్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, చెమటకు కూడా చెదరని ముఖం. సునందే.

"గట్క ఉడికిందా?"

"ఇంకా పలచగానే ఉంది," కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "దొప్ప లోపలికొచ్చేసింది హరిగారూ. ఏ ఇంటిదో తెలీదు."

పందిరి కింద అరవై రెండు ఆకుదొప్పలు. టెస్ట్ కిట్‌కు ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది. పూజారి పిచ్చయ్య అప్పుడే మొదటి దొప్ప చేతిలోకి తీసుకుని మొక్కుతున్నాడు.

"కాసేపు ఆపు పెద్దాయనా!"

"వానమొగులు ఆగుతదా సారూ, పండుగ ఆగనీకి?"

పక్కనున్న ముసలి భద్రమ్మ అడిగింది. "చుట్టం ఉత్త చేతుల్తోని రావద్దు. నువ్వేం తెచ్చినవ్ బిడ్డా?"

హరిప్రసాద్ జేబులోంచి, చందర్ గుప్పిట్లో దొరికిన మూడు గింజలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. భద్రమ్మ వాసన చూసింది.

"పొగ వాసన. మా గూడెం గింజనే. పురుగు పట్టకుంట కంకులు పొయ్యి మీద కడ్తం."

హరిప్రసాద్ ఆ గింజలు తనూ వాసన చూశాడు. ల్యాబ్ అన్ని పరీక్షలూ చేసింది. వాసన చూసినవాడు లేడు. చందర్ ఫోన్లో చెప్పబోయింది ఇదే.

"అవ్వా, పొగ వాసన లేని దొప్ప ఏదో చెప్పు. జల్దీ!"

భద్రమ్మ వరస వెంట వంగి వంగి నడిచింది. పొగ. పొగ. చివరిదాకా అన్నీ పొగే. మిగిలింది పిచ్చయ్య చేతిలోది. అది వంగుతోంది.

హరిప్రసాద్ దూకి దోసిలి పట్టాడు. గింజలన్నీ అందులో పడ్డాయి. భద్రమ్మ ముక్కు చిట్లించింది.

"ఇది పొయ్యి ఎరగని గింజ."

"ఎవరిది?"

"చుట్టం దొప్పనే ముందు పోస్తం. గా మేడమ్‌ది."

సునంద బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి తిప్పింది. కొసన సూది మెరిసింది. హరిప్రసాద్ దోసిలి వదిలితే గింజలు గూడెం మట్టిలో కలిసిపోతాయి. వదల్లేదు. సూది మెడకు జానెడు దూరంలో ఉండగా భద్రమ్మ చేతికర్ర సునంద మణికట్టు విరగ్గొట్టింది.

"కారుకు ఆకలేస్తే డాలర్లొస్తాయి," సునంద నొప్పితోనే నవ్వింది. "పిల్లలకు ఆకలేస్తే ఏడుపొస్తుంది, అంతే."

"చందర్‌ని..."

"పక్కనే కూర్చున్నాను. మీ ఫోన్ చాలాసేపు మోగింది హరిగారూ."

సునందను పోలీసు జీపు తీసుకెళ్లాక, ఆ మధ్యాహ్నం భద్రమ్మ గట్క పెట్టింది. చిక్కగా ఉంది. చెవుల్లో ఫోన్ మోగుతూనే ఉంది. అయినా హరిప్రసాద్ చివరి ముద్ద దాకా తిన్నాడు.

నెల తర్వాత ఎవిడెన్స్ అప్పగించలేదని మధులత మెమో పంపింది. అతను ఫారం నింపి పంపాడు.

వస్తువు: నాటు గింజలు, మూడు. ప్రస్తుత స్థితి: మొలకెత్తాయి.