పదకొండు లక్షల షేర్లు

పోలింగ్ రోజు మధ్యాహ్నం మూడింటికి, ఇంకో గంటలో చావబోయే మనిషెవరో గుమాస్తాకి తెలిసింది. సొంత బావ.

చెప్పింది మిరియం. ముఠా ఆఫీసు నాలుగో అంతస్తులో కాఫీ మెషీన్ పక్కన నిలబడి, పెదాలకి రంగు దిద్దుకుంటూ చెప్పింది. పైకి ముఠా మేనేజరు, లోపల డిపార్ట్‌మెంట్ ఏజెంటు. అందంలోనూ నిర్దయలోనూ ఎవరికీ తీసిపోని మనిషి.

గుమాస్తా అన్నది మనవాడి కోడ్ నేమ్. నెత్తిన నూనె, జేబులో మూడు పెన్నులు. ఆ వాలకం చూసి సీక్రెట్ ఏజెంట్ అనుకునే వెర్రివాడు ఇంకా పుట్టలేదు. కస్టమర్ కేర్ బోర్డు చాటున ఒక విదేశీ ముఠా ఎన్నికలతో ఆడుకుంటోంది, లోపల చేరి మూయించు అని మూడు నెలల కిందట చీఫ్ రెండు ముక్కల్లో బ్రీఫింగ్ ముగించాడు.

చేరాక గుమాస్తాకి నవ్వొచ్చింది. ఎడమ వరసవాళ్లు నిచ్చెన పార్టీ అభిమానుల్లా గొడుగు పార్టీని తిడతారు. కుడి వరసవాళ్లు గొడుగు పట్టుకుని నిచ్చెనని తిడతారు. భోజనాలయ్యాక అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారి కూర్చుంటారు. పొద్దంతా ఒకళ్లనే తిడితే పదును పోతుందట. నచ్చినవాడు గెలవాలని ఓటేసే రోజులు పోయాయి, గిట్టనివాడు ఓడాలని వేసే రోజులొచ్చాయి. ఆ మంట ఆరకుండా ఎగదొయ్యడమే అక్కడి ఉద్యోగం.

చేరిన రోజే పరీక్ష పెట్టారు. నిజంగా నీకు గిట్టని మనిషి గురించి ఫొటోతో సహా రాయి, కట్టుకథ పనికిరాదన్నారు. ట్రైనింగ్‌లో నేర్పిన అబద్ధాలు వంద ఉన్నాయి. కానీ ఆ వారమే, గొడుగు జెండా మోసే బావ, నిచ్చెనకి ఓటేసే తనని అక్క ఇంట్లో అన్నం ముందు నుంచి లేపేశాడు. ఆ కడుపుమంటతో గుమాస్తా బావ ఫొటో పెట్టి రాశాడు: "వీడు మనిషి కాదు. ఇంట్లోవాళ్లే వీణ్ణి నమ్మరు. వీడు పోతే వీధికి పట్టిన పీడ విరగడవుతుంది."

పదకొండు లక్షల షేర్లు. ఆఫీసులో ఇప్పటికీ అదే రికార్డు. చీఫ్‌కి పంపిన రిపోర్టులో ఆ సంగతి మాత్రం గుమాస్తా రాయలేదు.

"మనిషిని ఎంపిక చేసింది నువ్వే కదా," అంది మిరియం. "అన్ని లక్షల మంది చావు కోరినవాడు చస్తే, చంపిందెవరో వేరే చెప్పక్కర్లేదు. గొడుగు తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్న బూత్‌లోనే, మంచినీళ్ల సీసాలో విషం. నాలుగింటికి నలభై లక్షల ఫోన్లకి చావు కబురు మెసేజ్. చీకటి పడేలోగా ఊరు తగలబడుతుంది."

పోలీసుల్లో ముఠా మనుషులున్నారని, వాళ్లకి చెబితే హంతకుడు ఇంకో బూత్‌కి మళ్లుతాడని కూడా చెప్పింది. గుమాస్తా బావకి ఫోన్ చేశాడు. నంబరు ఎప్పుడో బ్లాక్ చేసి ఉంది. అక్కకి చేసి, బావని బూత్‌లో నీళ్లు ముట్టనివ్వకు, విషమని మొత్తుకున్నాడు.

"మా ఆయన్ని బెంచీ మీంచి లేపడానికి మీవాళ్లు వేసిన ఎత్తా ఇది?" అని అక్క ఫోన్ పెట్టేసింది.

గుమాస్తా ఒక పెన్ను తీసి మిరియం చేతిలో పెట్టాడు. లోపల పెన్‌డ్రైవ్. నాలుగింటికి ఒక్క నిమిషం ముందు సర్వర్‌కి గుచ్చితే మెసేజ్ గడప దాటదు. అంతకన్నా ముందు గుచ్చితే ముఠా ఇంకో సర్వర్‌కి మారిపోతుంది. ఆ మాట చెప్పి మెట్ల మీద పరుగందుకున్నాడు.

బూత్ ఊరికి ఆ చివర ఒక స్కూల్లో ఉంది. ఒకే క్యూలో నిలబడాల్సిన జనం, నిచ్చెనవాళ్లు ఒక గోడకి, గొడుగువాళ్లు ఇంకో గోడకి ఆనుకుని నిలబడ్డారు. మొన్నటిదాకా ఒకే కొళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు. గొడుగు గోడ దగ్గర అక్క కూడా ఉంది. కిటికీలోంచి చూస్తే, నీలం టోపీవాడు బావ చేతికి సీసా అందించి వెనక్కి తగ్గుతున్నాడు. టైం మూడూ యాభై ఎనిమిది.

గుమాస్తా లోపలికి దూసుకెళ్లాడు. "బావా, తాగకు. విషం."

బావ తల తిప్పి, అరిచిందెవరో చూశాడు. చూసి, కావాలనే సీసా పెదాలకి ఎత్తుకున్నాడు.

గుమాస్తా బల్ల మీంచి ఎగిరి ఒక్కటి పీకాడు. సీసా గోడకి తగిలింది. బావ పళ్లు రెండు నేల మీద పడ్డాయి. టోపీవాడు కిటికీ ఎక్కబోతే రెండో పెన్నులోని మత్తు సూది వాడి మెడలో దిగింది. ఆ తర్వాత గుమాస్తాకి లేవడానికి వీలు పడలేదు. బావ తాలూకు వాళ్లు కుర్చీలతో వాయించేశారు.

"విషమైతే కలిపింది వీడే," అన్నాడు బావ, నోట్లో నెత్తురు తుడుచుకుంటూ.

నాలుగైంది. ఒక్క ఫోనూ మోగలేదు. మిరియం మాట నిలబెట్టుకుంది. కింద పడి దెబ్బలు తింటూనే గుమాస్తా హాయిగా కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం ఆస్పత్రి మంచం దగ్గరికి చీఫ్ వచ్చాడు. ముఠా మొత్తం దొరికిందని, సర్వర్లకి సీలు వేశామని, మిషన్ సక్సెస్ అని చెప్పి భుజం తట్టాడు. కిటికీ అవతల మూడు వీధుల నుంచి పొగ లేస్తోంది.

"మరి అదేంటి సార్?"

"నువ్వు మీ బావని కొట్టిన వీడియో. మూడు లక్షల షేర్ల దగ్గర గొడవ మొదలైంది. ఇప్పుడు పద్దెనిమిది లక్షలు."

"ముఠా వాడు ఎవడో మిగిలిపోయాడు సార్. పెట్టిందెవరు?"

"మీ అక్క."

చీఫ్ తన ఫోన్ చూపించాడు. వీడియో కింద గుమాస్తా ఫొటో, దాని కింద మూడు వాక్యాలు. వీడు మనిషి కాదు. ఇంట్లోవాళ్లే వీణ్ణి నమ్మరు. మూడోది చదవకుండానే గుమాస్తాకి తెలుసు. అక్క ఆ పోస్టుని ఇన్నాళ్లూ దాచుకుని, అక్షరం పొల్లుపోకుండా దించేసింది.

మూడు నెలల పాటు ఆఫీసంతా తలకిందులుగా తపస్సు చేసినా చెక్కుచెదరని రికార్డుని, అక్క క్యూలో నిలబడి ఒక్క పూటలో బద్దలు కొట్టింది, అదీ ఉద్యోగంలో చేరకుండానే.