ములాఖత్ రొట్టెలు

పరశురాములు ఇరవై నాలుగు గంటల డ్యూటీ దిగి, ఎప్పటిలాగే పొద్దున్నే నిండు సంచితో ఇంటికి వచ్చాడు. అతను సబ్ జైలులో వార్డర్. సంచిలో పండ్లు, మురుకులు, బిస్కెట్ పొట్లాలు ఉంటాయి. "లోపలున్నోళ్ళను చూడనీకి ములాఖత్‌కు వచ్చినోళ్ళు వదిలి పోతరమ్మా, పారేసుడెందుకని తెస్తున్న," అని ఏడాది కింద తల్లికి చెప్పాడు. గొర్లమంద అమ్మేసి కొడుకు దగ్గరికి చేరిన సుక్కమ్మ ఆ మాట నమ్మింది.

కోడలు భాగ్యలక్ష్మి చాయ్ పోసిచ్చింది. సుక్కమ్మ సంచిలోంచి ఒక గుడ్డమూట తీసి విప్పింది. నెయ్యి రాసిన జొన్నరొట్టెలు. ఒకటి తుంచి, చాయ్‌లో ముంచి నోట్లో పెట్టుకుంది. రెండో ముక్క కోసం చెయ్యి పెడితే అడుగున చిన్న పసుపు ముడి తగిలింది.

బండారి. కులదేవుడు బీరప్పకు మొక్కిన పసుపు. గొర్లు కాసే కురుమల ఇళ్ళలో పిల్లలు ఆపదలో ఉంటే తల్లి మొక్కుకుని తెచ్చి నుదుట పెట్టేది. దాన్ని ఏ తల్లీ వదిలిపోదు.

సుక్కమ్మ నల్లా దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసింది. మూడుసార్లు పుక్కిలించినా నోట్లో రోత పోలేదు.

"ఎవరియిరా గీ రొట్టెలు?"

"నిన్న పొద్దుమీకి కొల్లాపూర్ దిక్కు నుంచి ఒక ముసలామె తెచ్చింది. కొడుకు హనుమంతు లోపలున్నడు."

"ఆమె వదిలిపోయిందా?"

అతను తలెత్తకుండా బూట్లు విప్పుకున్నాడు. "బయటి తిండి లోపటికి పోనియ్యమమ్మా. రూలు. విషం గిట్ల కలుపుతరని."

"విషముంటదేమోనని ఆమె కొడుక్కు ఇయ్యక, తెచ్చి నీ తల్లికి పెట్టినవా?"

"అత్తమ్మా, జర నిమ్మలంగ..." అంది భాగ్యలక్ష్మి.

"నువ్వాగు బిడ్డా. మరి మీ జైల్లనే ఉన్న ఆ లీడర్‌కు రోజూ ఇంటి బిర్యానీ వస్తదంటివి. కూలర్ కూడ పెట్టిన్రంటివి. ఆయనకు లేదా రూలు?"

"పైనుంచి ఫోన్లొస్తయి. రేపు గెలిస్తే మంత్రి అయితడు. ఆ డబ్బా నేనే మోసుకపోత. ఏం జేయమంటవు?"

సుక్కమ్మ రొట్టెల మూటను దూరంగా జరిపింది. జైలుకు రాకముందు, జైళ్ళను బాగుచేశామని ఇదే లీడర్ మీటింగులో చెబుతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది తను. ఏడాదిగా ఎంతమంది తల్లుల చేతివంట అరిగించుకుందో! కొడుకు మీద కంటే తన మీదే ఆమెకు అసహ్యం వేసింది.

"ఆ హనుమంతు ఏం జేసిండు?"

"మేకల దొంగతనమట. నిజమో కాదో, కేసు ఇంకా నడువనే లేదు. బెయిలొచ్చి నాలుగు నెలలాయె. జమానతుకు పూచీ ఉండనీకి భూమి పాసుబుక్కున్నోడు దొరుకక లోపలనే ఉన్నడు."

దొంగో కాదో తేలకముందే నాలుగు నెలలు, అదీ భూమి లేనందుకు! సుక్కమ్మ లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. భాగ్యలక్ష్మి మొన్న జైలు నుంచి వచ్చిన మురుకుల డబ్బాను అల్మారాలోంచి దించి తిరిగి సంచిలో గుమ్మరించింది.

సుక్కమ్మ పాసుబుక్కు తెచ్చి కొడుకు ముందు పెట్టింది. రెండెకరాలు, ఆమె పేరు మీద ఉన్నవి. "గిది పనికొస్తదా?"

"అమ్మా! వాడెవడో మనకెరుకేనా? పారిపోతే మన మీదికొస్తది!"

"వాని తల్లి చేసిన రొట్టె తిన్న. తిని ఊకె కూసోమంటవా?"

పరశురాములు పాసుబుక్కును తల్లి వైపు జరపబోయి ఆగాడు. "రొట్టెలు పోతే పోనీ, బండారి ఒక్కటన్న బొట్టు పెట్టమని నా కాళ్ళు మొక్కిందమ్మా. తనిఖీకని తీసుకున్న మూట నా చేతుల ఉండంగనే, టైమైపోయిందని నేనే గేటు మూసిన." చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

సుక్కమ్మ ఓదార్చలేదు. పసుపు ముడి మళ్ళీ కట్టి అతని చేతిలో పెట్టింది. "గొర్ల ఎంబడి తిరిగి పెరిగినోనివి. గిదేందో నీకెరుక లేదా? పో, నీ చేత్తోని వానికి పెట్టిరా. కోర్టుకు నేనొస్త."

అతను కళ్ళు తుడుచుకుని, విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కున్నాడు. గడప దాటబోతుంటే సుక్కమ్మ ఆపింది. తన వేలికి అంటిన బండారిని కొడుకు నుదుట కూడా రాసింది. అప్పుడు మాత్రం ఆమె కళ్ళు నిండాయి.

"ముందుగాల బస్టాండ్ల ఆ తల్లిని చూడు. రాత్రి బస్సు దొరుకక ఆడనే పండుకున్నదేమో. ఉంటే ఇంటికి తోలుకరా. అన్నం వండుతం. ఆమె తిన్నంకనే మనం తిందాం."